స్టెరాయిడ్లు మానేశాక సొంత టెస్టోస్టెరాన్ ఎప్పుడు తిరిగి వస్తుంది?

కండలు పెంచుకోవడానికి కొన్ని నెలలపాటు అనబాలిక్ స్టెరాయిడ్లు, అంటే టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్‌ను, దాన్ని పోలిన మందులను వాడి మానేసినవారు వైద్యుల దగ్గరికి వచ్చినప్పుడు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే ఉంటుంది: నా హార్మోన్లు మళ్లీ మామూలుగా ఎప్పుడు అవుతాయి? ఈ ప్రశ్నకు ఒక తేదీ చెప్పి పంపించడం ఎవరికీ సాధ్యం కాదు. కోలుకోవలసింది ఒక్కటే అయితే గడువు చెప్పవచ్చు. కానీ ఇక్కడ మెదడు పంపే సంకేతాలు, వృషణాలు తయారుచేసే టెస్టోస్టెరాన్, వీర్యకణాల ఉత్పత్తి, మనసు, గుండె అన్నీ వేర్వేరు వేగాలతో కోలుకుంటాయి. వీటిలో ఒకటి కుదుటపడిందని చూసి అన్నీ కుదుటపడ్డాయనుకోవడం, ఒకటి ఆలస్యమవుతోందని చూసి ఇక ఏదీ తిరిగి రాదని భయపడటం, ఈ రెండు పొరపాట్ల వల్లనే చాలామంది మళ్లీ ఇంజెక్షన్ల వైపు వెళ్తున్నారు. అందుకే ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో, ఎలా ఆగిపోతుందో కొంచెం ఓపికగా తెలుసుకోవాలి.

మెదడు అడుగుభాగాన ఉన్న హైపోథాలమస్ నుంచి ఈ కథ మొదలవుతుంది. అది సుమారు గంటన్నర, రెండు గంటలకు ఒకసారి జీఎన్‌ఆర్‌హెచ్ అనే చిన్న హార్మోన్‌ను విడతలు విడతలుగా విడుదల చేస్తుంది. దాని నిర్మాణాన్ని కనుగొన్న రోజర్ గిల్లెమిన్, ఆండ్రూ షాలీ 1977లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఆ మరుసటి ఏడాదే అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఎర్నెస్ట్ నోబిల్ బృందం కోతులపై చేసిన ప్రయోగాల్లో ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది: ఈ హార్మోన్‌ను ఎడతెరిపి లేకుండా ఎక్కిస్తే మెదడు కిందనే ఉండే పీయూష గ్రంథి (పిట్యూటరీ) స్పందించడం మానేసింది, గంటకొకసారి చొప్పున ఇస్తే మళ్లీ పనిచేసింది. అంటే ఎంత పరిమాణంలో అందుతోందన్నది ఒక్కటే సరిపోదు, ఆ లయ కూడా ఉండాలి. ఆ లయకు స్పందించి పీయూష గ్రంథి రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. ఒకటి ఎల్‌హెచ్, ఇది వృషణాల్లోని లీడిగ్ కణాలను చేరి టెస్టోస్టెరాన్ తయారుచేయిస్తుంది. రెండోది ఎఫ్‌ఎస్‌హెచ్, ఇది సెర్టోలీ కణాలపై పనిచేసి, వృషణాల లోపల ఉండే టెస్టోస్టెరాన్‌తో కలిసి వీర్యకణాల ఉత్పత్తిని నడిపిస్తుంది.

తయారైన టెస్టోస్టెరాన్ రక్తం ద్వారా మళ్లీ మెదడును చేరి, ఇక చాలని చెబుతుంది. అందులో కొంత భాగం అరోమటేజ్ అనే ఎంజైమ్ వల్ల ఈస్ట్రాడయోల్‌గా, అంటే ఒక రకం ఈస్ట్రోజెన్‌గా మారి, అదే మాటను ఇంకా గట్టిగా చెబుతుంది. మేడమీది ట్యాంకు నిండగానే బోరు మోటారును ఆపేసే ఆటోమేటిక్ స్టార్టర్‌ ఏం చేస్తుందో ఈ ఏర్పాటూ అదే చేస్తుంది. బయటి నుంచి ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి ట్యాంకు పొర్లేలా పోస్తూ ఉంటే మోటారు నెలల తరబడి తిరగదు. స్టెరాయిడ్లు వాడేవారి వృషణాలకు సరిగ్గా ఇదే జరుగుతుంది.

ఎంత పోస్తున్నారన్నది కూడా గమనించాలి. ఆరోగ్యవంతుడైన పురుషుడి శరీరం రోజుకు సుమారు 6, 7 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ తయారుచేస్తుంది. అంటే వారానికి 50 మిల్లీగ్రాముల లోపే. నిజంగా హార్మోన్ లోపం ఉన్న రోగికి వైద్యులిచ్చే టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ ఇంజెక్షన్ వారానికి 75 నుంచి 100 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. బాడీబిల్డింగ్ కోసం వాడేవారిలో వారానికి 300 నుంచి 1000 మిల్లీగ్రాములు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కూడా కనిపిస్తుంది. దానికి తోడు నాండ్రోలోన్, స్టానోజోలోల్, మెథాండియెనోన్ వంటివి కలుపుతారు. ఇప్పుడు మనుషుల వాడకానికి అనుమతి లేని, పశువుల బరువు పెంచడానికి వాడే ట్రెన్‌బోలోన్ కూడా ఈ జాబితాలో ఉంది. వీటన్నిటినీ మెదడు ఒకే రకంగా అర్థం చేసుకుంటుంది: హార్మోన్ కావలసినదానికంటే ఎక్కువ ఉంది, సొంత ఉత్పత్తి అక్కర్లేదు. కొద్ది వారాల్లోనే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్షకు అందనంత కిందికి పడిపోతాయి.

ఇక్కడే చాలామందికి అర్థం కాని సంగతి ఒకటి ఉంది. రక్తంలో టెస్టోస్టెరాన్ పొంగిపొర్లుతున్నా వృషణాల లోపల అది ఎండిపోతుంది. మామూలు పరిస్థితుల్లో వృషణాల లోపలి టెస్టోస్టెరాన్ గాఢత రక్తంలో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అంత గాఢత లేనిదే వీర్యకణాలు తయారు కావు. ఇంజెక్షన్ ద్వారా రక్తంలోకి వచ్చిన హార్మోన్ ఆ స్థాయిని లోపల అందుకోలేదు. వృషణాల పరిమాణంలో ఎక్కువ భాగం వీర్యకణాలు తయారయ్యే సన్నని నాళాలదే కాబట్టి, అవి ఖాళీ అయ్యేకొద్దీ వృషణాలు కుంచించుకుపోతాయి. కండలు పెరిగి, మగతనం పెరిగిందని అనుకుంటున్న కాలంలోనే చాలామందిలో సంతానసామర్థ్యం సున్నాకు చేరువవుతుంది.

ఈ ధర్మం ఎంత బలమైనదంటే, దీన్ని పురుషుల గర్భనిరోధక పద్ధతిగా వాడవచ్చా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించి చూసింది. వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ ఇచ్చిన ఆ అధ్యయనం ఫలితాలు 1990లో వెలువడ్డాయి. ఆరు నెలల్లో సగానికి పైగా పురుషుల వీర్యంలో కణాలు పూర్తిగా కనుమరుగయ్యాయి. తర్వాత 2006లో ఇలాంటి 30 అధ్యయనాల్లోని 1,549 మంది వివరాలను కలిపి చూసినప్పుడు, ఇంజెక్షన్లు ఆపాక మిల్లీలీటరుకు 2 కోట్ల వీర్యకణాల స్థాయిని తిరిగి చేరుకోవడానికి సగం మందికి 3.4 నెలలు పట్టిందని, 6 నెలల్లో 67 శాతం, 12 నెలల్లో 90 శాతం, 16 నెలల్లో 96 శాతం, 24 నెలల్లో అందరూ కోలుకుంటారని అంచనా తేలింది. ఈ లెక్క ధైర్యాన్నిచ్చేదే. అయితే దీన్ని జిమ్‌లో సైకిల్ (కొన్ని వారాలు వరుసగా స్టెరాయిడ్లు వాడే విడత) మీద సైకిల్ వాడిన వ్యక్తికి యథాతథంగా అన్వయించడం సరికాదు. ఆ అధ్యయనాల్లో పాల్గొన్నవారు ముందే ఆరోగ్యవంతులని పరీక్షించి ఎంపిక చేసినవారు. వారికి అందినది నాణ్యత తెలిసిన మందు, లెక్కప్రకారం మోతాదు, పరిమిత కాలం. బయట వాడేవారి విషయంలో ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా ఖాయం కాదు.

స్టెరాయిడ్ల వాడకందారులనే నేరుగా పరిశీలించిన అధ్యయనాలు తక్కువే అయినా, ఉన్నవి విలువైనవి. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ పట్టణం పేరు మీదుగా ప్రసిద్ధమైన అధ్యయనంలో స్వయంగా స్టెరాయిడ్ సైకిల్ మొదలుపెట్టబోతున్న 100 మంది పురుషులను వైద్యులు ముందు నుంచీ గమనించారు. వాడకం సమయంలో 77 శాతం మందిలో మొత్తం వీర్యకణాల సంఖ్య 4 కోట్ల కంటే కిందికి పడిపోయింది. సైకిల్ ముగిసిన మూడు నెలలకు సగటు టెస్టోస్టెరాన్ పూర్వస్థితికి వచ్చింది కానీ వీర్యకణాల సంఖ్య ఇంకా బాగా తక్కువగానే ఉంది. పరిశీలన ముగిసేనాటికి 11 శాతం మందిలో టెస్టోస్టెరాన్, 34 శాతం మందిలో వీర్యకణాల సంఖ్య తక్కువగానే ఉండిపోయాయి. డెన్మార్క్‌లో 2016లో వెలువడిన మరో అధ్యయనం, స్టెరాయిడ్లు మానేసి సగటున రెండున్నరేళ్లు గడిచినవారిలో కూడా పావువంతుకు పైగా మందికి టెస్టోస్టెరాన్ మామూలు హద్దుకు దిగువన ఉందని, అలసట, కోరికలు తగ్గడం, దిగులు వంటి లక్షణాలు ఎప్పుడూ వాడనివారికంటే వీరిలో ఎక్కువగా ఉన్నాయని చూపింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది: ఎక్కువమంది కోలుకుంటారు, కానీ కొన్ని వారాల్లో కాదు; కోలుకోనివారు ఎవరో ముందుగా గుర్తించే దారి లేదు. ఎన్ని సంవత్సరాలు వాడారు, ఎంత మోతాదు, ఎన్ని మందులు కలిపారు, వయసు ఎంత అన్నవాటిని బట్టి కొంత ఊహించవచ్చు, అంతే.

గడియారం ఎప్పటినుంచి మొదలవుతుంది?

చివరి ఇంజెక్షన్ తీసుకున్న రోజునే కోలుకోవడానికి మొదటి రోజుగా లెక్కేసుకోవడం సహజం. అది తప్పు. నూనెలో కలిపి కండలోకి ఇచ్చే స్టెరాయిడ్ అక్కడ నిల్వ ఉండి నెమ్మదిగా రక్తంలోకి దిగుతుంది. టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ పూర్తిగా తొలగిపోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అన్‌డెకనోయేట్ రూపానికి నెలలు పడుతుంది. నాండ్రోలోన్ డెకనోయేట్ ఆనవాళ్లు డోపింగ్ పరీక్షల్లో ఏడాది దాటాక కూడా దొరికిన సందర్భాలున్నాయి. మాత్రలు కొద్ది రోజుల్లో వెళ్లిపోతాయి, కానీ వాటి భారం కాలేయం మీద పడుతుంది. మందు శరీరంలో ఉన్నంతకాలం మెదడుకు పాత సమాచారమే అందుతూ ఉంటుంది కాబట్టి ఆ కాలంలో ఎల్‌హెచ్ పెరగలేదని ఆందోళన పడటంలో అర్థం లేదు.

మందు తొలగిపోయాక హైపోథాలమస్ తన లయను తిరిగి అందుకోవాలి, పీయూష గ్రంథి స్పందించాలి, నెలలపాటు ఖాళీగా ఉన్న లీడిగ్ కణాలు పనిలో పడాలి. వీర్యకణాల సంగతి వేరు. ఒక వీర్యకణం మొదటి దశనుంచి పూర్తిగా తయారవడానికి సుమారు 74 రోజులు, ఆపైన నాళాల్లో పరిపక్వత పొంది బయటికి రావడానికి మరో రెండు వారాల దాకా పడుతుంది. అంటే వృషణాలు ఈరోజే పూర్తిగా మేల్కొన్నా, ఆ ఫలితం వీర్యపరీక్షలో కనిపించేసరికి దాదాపు మూడు నెలలవుతుంది. టెస్టోస్టెరాన్ అంకె బాగుందని సంతోషపడి, ఆ నెలలోనే భార్య గర్భం దాల్చలేదని కుంగిపోయే దంపతులకు ఈ ఒక్క విషయం ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎంతో మేలు జరిగేది.

పిల్లలు పుట్టకపోతే ముందుగా భార్యకే పరీక్షలన్నీ చేయించే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. భర్త దృఢంగా, కండలు తిరిగి కనిపిస్తే అనుమానం అతని మీదికి అసలే పోదు. వీర్యపరీక్ష చౌకైనది, నొప్పి లేనిది. దంపతుల్లో ఎవరు ముందు చేయించుకోవాలన్న ప్రశ్నే రాకుండా ఇద్దరికీ ఒకేసారి చేయించాలి. స్టెరాయిడ్లు వాడిన సంగతిని భర్త వైద్యుడికి చెప్పకపోతే, భార్య శరీరం మీద అనవసరమైన మందులు, ఇంజెక్షన్లు ప్రయోగించే పరిస్థితి వస్తుంది. ఇది చిన్న అన్యాయం కాదు.

దిగజారే నెలలు

బయటి హార్మోన్ వెళ్లిపోయి, సొంత హార్మోన్ ఇంకా రాని మధ్యకాలం అన్నిటికంటే కష్టమైనది. ఒంట్లో శక్తి ఉండదు, నిద్ర పట్టదు లేదా ఎంత నిద్రపోయినా తీరదు, కోరికలు చచ్చిపోతాయి, అంగస్తంభన సరిగా ఉండదు, మూడు నెలల్లో సంపాదించిన కండ కళ్లముందే కరుగుతూ ఉంటుంది. వీటన్నిటికీ మించి దిగులు. శరీరాకృతి మీదే తన విలువంతా నిలబెట్టుకున్న వ్యక్తికి అద్దంలో రోజురోజుకూ తగ్గిపోతున్న తన రూపం భరించలేనిదవుతుంది. అమెరికాలో హారిసన్ పోప్, జెన్ కనయామా వంటి మానసిక వైద్య పరిశోధకులు దశాబ్దాలుగా చెబుతున్నదేమిటంటే, స్టెరాయిడ్ల వాడకందారుల్లో దాదాపు 30 శాతం మంది వాటిపై ఆధారపడే స్థితికి చేరుకుంటారని, మానేసినప్పుడు వచ్చే కుంగుబాటు కొందరిలో ఆత్మహత్య ఆలోచనల దాకా వెళ్తుందని.

ఈ దశలో మళ్లీ ఒక ఇంజెక్షన్ తీసుకుంటే కొద్ది రోజుల్లో అంతా బాగుంటుంది. అసలు చిక్కు అదే. అది బాగుపడటం కాదు, కోలుకోవడాన్ని మళ్లీ మొదటికి తీసుకుపోవడం. ఈ నెలలు ఇలా ఉంటాయని ముందే తెలిసినవారికి, ఇది తన బలహీనత కాదు, ఊహించదగిన హార్మోన్ లోపమేనని అర్థమైనవారికి వీటిని దాటడం తేలికవుతుంది. ఇంట్లోవాళ్లు కూడా ‘చేసుకున్నవాడికి చేసుకున్నంత’ అని వదిలేయకుండా, అతని మాటల్లో నిరాశ ఎక్కువైనా, బతుకు మీద విరక్తి కనిపించినా వెంటనే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు.

రిపోర్టులోని అంకెలు ఎలా చదవాలి?

టెస్టోస్టెరాన్ ఒక్కటే చేయించి, ఆ అంకెను జిమ్ ట్రైనర్‌కు వాట్సాప్‌లో పంపి అభిప్రాయం అడగడం ఇప్పుడు మామూలైంది. ఒంటరి అంకె చెప్పేది చాలా తక్కువ. టెస్టోస్టెరాన్ తెల్లవారుజామున, ఉదయాన ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది. తిన్న తర్వాత కూడా తగ్గుతుంది. అందుకే పరగడుపున, ఉదయం 7 నుంచి 10 గంటల మధ్య, వేర్వేరు రోజుల్లో కనీసం రెండుసార్లు చేయించాలి. చాలా ల్యాబ్‌లు డెసిలీటరుకు సుమారు 300 నుంచి 1,000 నానోగ్రాముల వరకు మామూలుగా లెక్కిస్తాయి. జ్వరం వచ్చి తగ్గిన వారంలోనో, రాత్రంతా నిద్రలేని మరునాడో చేయించిన పరీక్షకు విలువ లేదు.

దానితోపాటు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తప్పనిసరిగా చూడాలి. టెస్టోస్టెరాన్ తక్కువ, ఎల్‌హెచ్ కూడా తక్కువ అయితే పైనుంచి సంకేతాలు ఇంకా రావడం లేదని అర్థం. మానేసిన తొలి నెలల్లో ఇది ఊహించినదే. టెస్టోస్టెరాన్ తక్కువగా ఉండి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ మామూలు హద్దు దాటి పెరిగితే, మెదడు అడుగుతున్నా వృషణాలు ఇవ్వలేకపోతున్నాయని అర్థం. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంకొక మెలిక ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్. రక్తంలో టెస్టోస్టెరాన్‌ను మోసుకెళ్లే ఈ ప్రోటీన్‌ను స్టెరాయిడ్లు, ముఖ్యంగా మాత్రలు, బాగా తగ్గించేస్తాయి. అందువల్ల మానేసిన కొంతకాలం వరకు మొత్తం టెస్టోస్టెరాన్ తక్కువగా కనిపించినా, కణాలకు అందే స్వేచ్ఛా టెస్టోస్టెరాన్ అంత తక్కువగా ఉండకపోవచ్చు. ఈ లెక్క వేయకుండా ‘లోపం’ అని ముద్ర వేయడం తొందరపాటు.

జుట్టు కోసమో, మల్టీవిటమిన్‌లో భాగంగానో ఎక్కువ మోతాదులో బయోటిన్ వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. కొన్ని రకాల పరీక్షా యంత్రాల్లో బయోటిన్ వల్ల టెస్టోస్టెరాన్ ఉన్నదానికంటే ఎక్కువగా, ఎల్‌హెచ్ తక్కువగా నమోదవుతాయి. అంటే మానేసిన మనిషి ఇంకా స్టెరాయిడ్లు వాడుతున్నట్టే రిపోర్టు కనిపిస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు దాన్ని ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పడం మంచిది. అలాగే భారీ వ్యాయామం చేసిన మరునాడు కాలేయ పరీక్షల్లో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగి ఉంటే అది కండల నుంచి వచ్చినదై ఉండవచ్చు. కాలేయానికి సంబంధించిన జీజీటీ, కండలకు సంబంధించిన సీకే కూడా చూస్తే తేడా తెలుస్తుంది. ప్రొలాక్టిన్, ఈస్ట్రాడయోల్, రక్తకణాల సంఖ్య, కొలెస్ట్రాల్, అవసరమైతే వీర్యపరీక్ష, ఇవన్నీ కలిపి చూసి ఒక నిర్ణయానికి రావలసింది ఎండోక్రినాలజిస్ట్ లేదా పురుష సంతాన సమస్యలు చూసే యూరాలజిస్ట్.

వైద్యుడికి ఏం వాడారో నిజం చెప్పాలని అందరూ అంటారు. కానీ వాడినవారికే అది తెలియని సందర్భాలు ఎక్కువ. మనదేశంలో ఈ మందులు వైద్యుడి చీటీ లేనిదే అమ్మకూడదు. అయినా హైదరాబాద్‌లో జిమ్‌లకు స్టెరాయిడ్లు, మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లు అక్రమంగా అమ్ముతున్నవారిని ఔషధ నియంత్రణ అధికారులు, పోలీసులు పట్టుకున్న వార్తలు ఇటీవలి సంవత్సరాల్లో తరచుగా వస్తున్నాయి. మెఫెంటెర్మిన్ అసలు స్టెరాయిడే కాదు. ఆపరేషన్ సమయంలో పడిపోయిన రక్తపోటును పెంచడానికి వాడే మందు. దొంగచాటుగా కొన్న సీసా మీద ఉన్న పేరు ఒకటి, లోపల ఉన్నది మరొకటి కావచ్చు. అందుకే ఖాళీ సీసాలు, స్ట్రిప్పులు, ఫోన్‌లోని ఫొటోలు ఏవి దొరికితే అవి వైద్యుడికి చూపించడం జ్ఞాపకం మీద ఆధారపడటంకంటే ఉపయోగం.

పీసీటీ కిట్‌ల సంగతి

జిమ్‌లలో సైకిల్ తర్వాత పీసీటీ (పోస్ట్ సైకిల్ థెరపీ, అంటే సొంత హార్మోన్‌ను తిరిగి తెప్పించడానికి మందులు వాడటం) చేస్తే చాలు, అంతా సర్దుకుంటుందన్న నమ్మకం బలంగా ఉంది. ఆ కిట్‌లలో సాధారణంగా కనిపించేవి హెచ్‌సీజీ ఇంజెక్షన్, క్లోమిఫెన్, టామోక్సిఫెన్, కొన్నిసార్లు అనాస్ట్రోజోల్. ఒక్కొక్కటి ఏం చేస్తుందో తెలిస్తే ఆ నమ్మకం ఎంతవరకు నిజమో తేలుతుంది.

హెచ్‌సీజీ గర్భిణుల్లో తయారయ్యే హార్మోన్. అది ఎల్‌హెచ్‌ను పోలి ఉంటుంది కాబట్టి నేరుగా వృషణాలను తట్టి లేపుతుంది. టెస్టోస్టెరాన్ పెరుగుతుంది, వృషణాల పరిమాణమూ కొంత తిరిగి వస్తుంది. అయితే ఆ పెరిగిన టెస్టోస్టెరాన్ మెదడుకు మళ్లీ చాలనే సంకేతమే ఇస్తుంది. పీయూష గ్రంథి నిద్ర అలాగే కొనసాగుతుంది. క్లోమిఫెన్ దారి వేరు. మహిళల్లో అండం విడుదల కోసం ఇచ్చే ఈ మందు మెదడులో ఈస్ట్రోజెన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది. మెదడు హార్మోన్ తక్కువగా ఉందనుకుని ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను పెంచుతుంది. టామోక్సిఫెన్‌ది కూడా ఇదే తీరు. క్లోమిఫెన్ వాడేవారిలో కొందరికి చూపు మసకబారడం, కళ్లముందు మెరుపులు, మానసికంగా చికాకు, దిగులు కలుగుతాయి. ఇప్పటికే దిగులుతో ఉన్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. అనాస్ట్రోజోల్ ఈస్ట్రాడయోల్ తయారీనే తగ్గిస్తుంది. ఈస్ట్రోజెన్ ఆడవారికే సంబంధించినదనే అపోహ వల్ల దీన్ని విచ్చలవిడిగా వాడుతున్నారు కానీ పురుషుల ఎముకల బలానికి, కోరికలకు కూడా కొంత ఈస్ట్రాడయోల్ అవసరం.

స్టెరాయిడ్ల తర్వాత కోలుకోవడం కోసమే ఆమోదం పొందిన మందు వీటిలో ఒక్కటీ లేదు. ఉన్న ఆధారాల్లో చాలా భాగం చిన్న పరిశీలనలు, వైద్యుల అనుభవాలు. అందుకే నిపుణుల మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు: కొందరు ఆరు నెలలు, ఏడాది ఓపికపట్టి పరీక్షలు చేస్తూ గమనించమంటారు; మరికొందరు లక్షణాలు తీవ్రంగా ఉన్నవారికి, త్వరగా పిల్లలు కావాలనుకునేవారికి మందులు మొదలుపెడతారు. నాకు ఈ రెండో పద్ధతి ఆ ప్రత్యేక సందర్భాల్లో సమంజసంగానే అనిపిస్తుంది. ముప్పై ఐదేళ్లు దాటిన భార్యతో సంతానం కోసం ఎదురుచూస్తున్న వ్యక్తిని ఏడాదిపాటు ఊరికే ఆగమనడం న్యాయం కాదు. కానీ ప్రతి సైకిల్ తర్వాతా అలవాటుగా ఒక కిట్ వేసుకోవడాన్ని, ఆ కిట్ ఉంది కదా అని ఇంకో సైకిల్‌కు ధైర్యం తెచ్చుకోవడాన్ని సమర్థించే ఆధారం ఎక్కడా లేదు. ఇంకో సంగతి: క్లోమిఫెన్ వాడుతూ ఉండగా వచ్చిన మంచి టెస్టోస్టెరాన్ అంకె మందు పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది. శరీరం కోలుకుందా లేదా అన్నది మందు ఆపి కొన్ని వారాలయ్యాక చేసిన పరీక్షే చెప్పాలి.

మందులు కాని అంశాల్లో పట్టించుకోదగినవి కొన్ని ఉన్నాయి. నిద్ర తగ్గితే టెస్టోస్టెరాన్ తగ్గుతుంది. కొవ్వు ఎక్కువగా ఉంటే అందులోని అరోమటేజ్ టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రాడయోల్‌గా మారుస్తూ ఉంటుంది. దీనికి సరిగ్గా వ్యతిరేక పొరపాటు బాడీబిల్డర్లు చేస్తారు: స్టెరాయిడ్లు మానేశాక ఒంటి మీది గీతలు పోకూడదని తిండి బాగా తగ్గించి, రెట్టింపు కార్డియో చేస్తారు. కటిక డైటింగ్‌లో ఉన్న శరీరం ఏ మందూ వాడకపోయినా ఎల్‌హెచ్‌ను తగ్గించుకుంటుంది. కోలుకునే నెలల్లో కడుపునిండా తిని, మితంగా బరువులు ఎత్తుతూ, కొంత కండ తగ్గడాన్ని ఒప్పుకోవడమే శరీరానికి సాయం. మద్యం తగ్గించాలి. టెస్టోస్టెరాన్ బూస్టర్ల పేరుతో అమ్మే డబ్బాల మీద ఖర్చు పెట్టనక్కర్లేదు. వాటిలో కొన్నింటిలో చెప్పకుండా కలిపిన స్టెరాయిడ్లు బయటపడిన సందర్భాలు కూడా ఉన్నాయి.

తిరిగి రానివి

హార్మోన్ల సమతుల్యం తిరిగి వచ్చినా పూర్వస్థితికి రాని మార్పులు కొన్ని ఉంటాయి. రొమ్ము కణజాలం పెరిగి నెలల తరబడి అలాగే ఉండి గట్టిపడితే మందులతో కరగదు, శస్త్రచికిత్సే మార్గం. 2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 140 మంది వెయిట్‌లిఫ్టర్లను పరీక్షించగా, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడినవారి గుండె ఎడమ జఠరిక పంపింగ్ శక్తి వాడనివారికంటే స్పష్టంగా తక్కువగా ఉంది, గుండె ధమనుల్లో పూడిక ఎక్కువగా ఉంది. మానేసినవారిలో పంపింగ్ కొంత మెరుగ్గా ఉంది కానీ ధమనుల్లో ఏర్పడిన పూడిక అలా వెనక్కి పోయేది కాదు. ఏళ్ల తరబడి వాడినవారు హార్మోన్ పరీక్షలతోపాటు బీపీ, ఎకో, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోవాలి. మహిళల్లో ఆగిన నెలసరి సాధారణంగా తిరిగి మొదలవుతుంది. బొంగురుపోయిన గొంతు మాత్రం సాధారణంగా మళ్లీ పూర్వంలా మారదు. పదహారు, పదిహేడేళ్ల పిల్లల్లో స్టెరాయిడ్ల వల్ల ఎముకల చివర్లలోని ఎదుగుదల పలకలు ముందే మూసుకుపోయి ఎత్తు అక్కడితో ఆగిపోవచ్చు. ఇంటర్ చదివే పిల్లలకు ఈ ఇంజెక్షన్లు ఇచ్చే ట్రైనర్ మీద ఫిర్యాదు చేయడానికి తల్లిదండ్రులు సంకోచించకూడదు.

ఏడాది దాటినా టెస్టోస్టెరాన్ తక్కువగానే ఉంటే కారణం స్టెరాయిడ్లేనని తేల్చేయకుండా వెతకాలి. వాడకానికి ముందు పరీక్ష చేయించుకున్నవారు అరుదు కాబట్టి, లోపం అంతకుముందే ఉందేమో తెలియదు. సుమారు 600 మంది పురుషుల్లో ఒకరికి ఉండే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువగా ఉండటం) చాలామందిలో జీవితాంతం బయటపడదు. గట్టిగా ఉండే చిన్న వృషణాలు, బాగా పెరిగిన ఎఫ్‌ఎస్‌హెచ్ కనిపిస్తే క్రోమోజోమ్ పరీక్ష చేస్తారు. ఎల్‌హెచ్ తక్కువగానే ఉండిపోతే ప్రొలాక్టిన్, ఐరన్ నిల్వలు చూసి, అవసరమైతే పీయూష గ్రంథికి ఎంఆర్ఐ తీస్తారు. గురకతో నిద్రలో ఊపిరి ఆగే సమస్య, నొప్పి కోసం వాడే ట్రమడాల్ వంటి మందులు కూడా ఇదే లోపాన్ని కలిగిస్తాయి.

ఇవేవీ కాక, నిజంగా సొంత ఉత్పత్తి తిరిగి రాదని తేలినవారికి వైద్యుడి పర్యవేక్షణలో టెస్టోస్టెరాన్ చికిత్స అవసరమవుతుంది. అది జీవితకాలం సాగే చికిత్స, దాన్ని మొదలుపెడితే వీర్యకణాల ఉత్పత్తి మళ్లీ ఆగుతుంది. అందుకే పిల్లలు కావాలనుకునేవారికి టెస్టోస్టెరాన్ ఇవ్వరు. లోపం పైనుంచి వచ్చే సంకేతాలదైతే ముందుగా హెచ్‌సీజీ, అవసరాన్నిబట్టి దానికి తోడు ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లతో వృషణాలను పనిచేయిస్తారు. వీర్యకణాలు కనిపించడానికి ఆరు నెలల నుంచి ఏడాదికి పైగా పట్టవచ్చు. అలా కనిపించినప్పుడు, ఆ సంఖ్య తక్కువే అయినా, కొంత వీర్యాన్ని సంతాన సాఫల్య కేంద్రంలో ఘనీభవింపజేసి దాచుకుని, ఆ తర్వాతే టెస్టోస్టెరాన్ చికిత్స మొదలుపెట్టాలా వద్దా అని వైద్యుడితో కూర్చుని మాట్లాడుకోవచ్చు.